మోటారు యాట్ మీద డింగీని ఎక్కడ ఉంచాలి? గోదావరి డెల్టా బోటు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

వశిష్ఠ, గౌతమి, వైనతేయ పాయల్లోను, కాకినాడ అఖాతంలోను సొంత మోటారు యాట్ నడుపుకొనేవారు మన ప్రాంతంలో ఇంకా కొద్దిమందే. అయినా కొత్తగా బోటు కొన్న ప్రతివారూ, కట్టించుకుంటున్న ప్రతివారూ అవే సందేహాలతో వస్తున్నారు కాబట్టి వాటికి జవాబులు ఒకచోట చేర్చాను. ఇక్కడ డింగీ అంటే 2.5 నుంచి 3.5 మీటర్ల పొడవుండి, తెడ్లతోనో చిన్న ఔట్‌బోర్డు ఇంజనుతోనో నడిచే తోడు పడవ. యాట్ అంటే 10 నుంచి 16 మీటర్ల డీజిల్ బోటు. ప్రతి జవాబూ విడిగా చదువుకొనేందుకు వీలుగా ఉంటుంది.

## కొనడానికి ముందు

రేవుకు వెళ్లి ఆగితే సరిపోతుంది కదా, మాకు అసలు డింగీ ఎందుకండీ?

మన పాయల్లో రేవు ఉన్న ప్రతిచోటా యాట్‌కు చాలినంత లోతు ఉండదు. ఒడ్డున మెట్లు కనిపిస్తున్నా వాటి ముందు ఇరవై ముప్ఫై మీటర్ల మేర మోకాలి లోతు బురద ఉండటం సాధారణం. అటువంటిచోట యాట్‌కు నడిపాయలో లంగరు వేసి, మనుషులు డింగీలో ఒడ్డుకు చేరాలి. కోరంగి మడ అడవుల సన్నపాయల దగ్గర కూడా పెద్ద బోటు బయటే ఆగిపోవలసి ఉంటుంది. ఇవి రోజువారీ అవసరాలు. నా దృష్టిలో అసలు అవసరం వేరు: ఇసుక మేట ఎక్కిన యాట్‌ను లాగడానికి లంగరును దూరంగా తీసుకువెళ్లి వేయాలన్నా, నీళ్లలో పడిన మనిషిని అందుకోవాలన్నా, యాట్‌ను నడిపే ఫ్యానుకు (ప్రొపెల్లరుకు) చుట్టుకున్న వలను కోయాలన్నా దగ్గర ఉండేది ఆ చిన్న పడవ ఒక్కటే. అందుచేత డింగీని ఎక్కడ పెడితే అందంగా ఉంటుందన్నదాని కంటే, కష్టం వచ్చినప్పుడు ఎన్ని నిమిషాల్లో, ఎంతమందితో నీళ్లలోకి దించగలమన్నదే చోటును నిర్ణయించాలి.

ముందు డింగీ కొనాలా, పెట్టే చోటు చూసుకోవాలా?

చోటే ముందు. డింగీని యాట్ వెనుక అడ్డంగా పెట్టాలనుకుంటే దాని పొడవు యాట్ వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. 12 మీటర్ల యాట్ వెడల్పు సుమారు 4 మీటర్లు ఉంటుంది కాబట్టి 3 మీటర్ల డింగీ పెడితే ఇరువైపులా అర మీటరు చొప్పున మిగులుతుంది. ఆ అర మీటరు లేకపోతే రేవులో పక్కబోటుకు మొదట తగిలేది డింగీయే. కొలిచేటప్పుడు డింగీ ఒక్కదానినే కాకుండా, ఇంజను పైకి వంచినప్పుడు వెనక్కి ఎంత పొడుచుకువస్తుందో, ఎంత ఎత్తు అవుతుందో కూడా కొలవాలి. అట్టముక్కతో అదే కొలతలకు నమూనా కోసి, అనుకున్న చోట పెట్టి, దాని చుట్టూ ఒకసారి నడిచి చూడండి. ఒక పూట పనితో తేలిపోతుంది.

డింగీ బరువు ఎంతని లెక్క వేసుకోవాలి?

కంపెనీ కాగితం మీద ఉండేది ఒట్టి పడవ బరువు. దాన్ని నమ్మి క్రేను, డేవిట్లు (డింగీని యాట్ వెనుక వేలాడదీసే లోహపు చేతులు) కొన్నవారు తరువాత చిక్కుల్లో పడుతున్నారు. అడుగు గట్టిగా ఉండి, చుట్టూ గాలి ట్యూబులున్న 3 మీటర్ల రిబ్ సుమారు 70 కిలోలు ఉంటుంది. 15 గుర్రాల ఫోర్‌స్ట్రోక్ ఇంజను 50 కిలోల వరకు తూగుతుంది. 12 లీటర్ల పెట్రోలు దాదాపు 9 కిలోలు. తెడ్లు, చిన్న లంగరు, తాళ్లు, పంపు కలిసి మరో 15 కిలోలు. అంటే 70 కిలోల పడవ చేతికి వచ్చేసరికి దాదాపు 150 కిలోలు అవుతుంది. అలల మీద యాట్ ఎగిరిపడేటప్పుడు ఆ బరువు బిగింపుల మీద రెట్టింపు పైన లాగుతుంది. కాబట్టి ఎత్తే సాధనాన్ని, దాని కింది డెక్కు బలాన్ని ఈ మొత్తం బరువుకు కనీసం రెండింతలకు చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

గాలి నింపేది, ఫైబర్‌ది, రిబ్: పెట్టే చోటును బట్టి ఏది నయం?

గాలి తీసి మడిచే డింగీ తేలిక, ఎక్కడైనా ఇముడుతుంది. కాని మన రేవుల్లోని ఆల్చిప్పలకు, తుప్పుపట్టిన మేకులకు, మడ వేళ్లకు దాని అడుగు త్వరగా దెబ్బతింటుంది. ఫైబర్ డింగీకి ఆ భయం లేదు, మరమ్మతు కూడా స్థానికంగానే జరుగుతుంది. దాని బరువు ఎక్కువ, యాట్ పక్కకు తగిలితే గీతలు పడతాయి, ఎక్కడ పెట్టినా దాని ఆకారానికి చెక్కిన దిమ్మలు కావాలి. రిబ్ ఈ రెంటి మధ్యది. వెనుక ప్లాట్‌ఫాం మీద గాని, పై డెక్కు మీద గాని ఉంచేవారికి రిబ్, తాళ్లతో లాక్కుపోయేవారికి ఫైబర్, 10 మీటర్లకు దగ్గరగా ఉండే చిన్న యాట్ ఉన్నవారికి మడిచేది సరిపోతాయని నా అభిప్రాయం.

## చోటు ఎంచుకొనేటప్పుడు

వెనుక ప్లాట్‌ఫాం మీద పెట్టమని అందరూ చెబుతున్నారు. మన గోదావరికి కూడా అదే మంచిదా?

చాలామందికి అదే మంచిది, అందుకు మన రేవుల అలవాటే ప్రధాన కారణం. మధ్యధరా సముద్రం వైపు మెరీనాల్లో యాట్‌ను వెనుక భాగం గట్టుకు ఆనించి కట్టడం ఎక్కువ. అక్కడ వెనుక డింగీ ఉంటే ఎక్కిదిగే దారి మూసుకుపోతుంది. మన దగ్గర బోటు అణియం, అంటే ముందు ముక్కు, ఒడ్డుకు ఆనించి బల్ల వేసి దిగుతారు. అమరం, అంటే వెనుక భాగం, లోతు నీళ్లలోకి ఉంటుంది. అందువల్ల వెనుక ఉన్న డింగీ దారికి అడ్డం రాదు, దించినప్పుడు బురదలో కూరుకుపోకుండా నీళ్లలోనే తేలుతుంది. ప్లాట్‌ఫాం నీటికి దగ్గరగా ఉంటుంది కనుక ఇద్దరు మనుషులు క్రేను లేకుండానే నెట్టి దించగలరు. సంక్షోభంలో ఈ ఒక్క సుగుణానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అయితే మూడు విషయాలు పరీక్షించాలి. మొదటిది, అమరం ఎంత మునుగుతుందన్నది. ఇంజనుతో సహా డింగీ బరువు ఇద్దరు పెద్దవారి బరువంత ఉంటుంది కాబట్టి, ప్లాట్‌ఫాం చివర ఇద్దరిని నిలబెట్టి, నీటిగీత ఎన్ని అంగుళాలు మారిందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఎగ్జాస్టు గొట్టం, నీరు పోయే తూములు మునిగిపోతుంటే ఆ చోటు వదులుకోవాలి. రెండవది, ప్లాట్‌ఫాంను యాట్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు. మనుషులు ఈదడానికి దిగేందుకు మాత్రమే అమర్చిన ప్లాట్‌ఫాంలు చాలా ఉన్నాయి, అవి అలల దెబ్బకు బోల్టుల దగ్గర పగులుతాయి. మూడవది, నీళ్లలో పడిన మనిషి పైకి ఎక్కే నిచ్చెన డింగీ వెనుక చిక్కుకుపోకుండా, పక్కకు మార్చిన తరువాతే డింగీకి చోటు ఇవ్వాలి.

డింగీని ప్లాట్‌ఫాం అంచున కొక్కేలకు తగిలించి పక్కకు నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. చవకైనది, తేలికైనది, కాని ఇంజను ముందే విప్పి వేరే చోట బిగించుకోవాలి, లేకపోతే నూనె, పెట్రోలు కారుతాయి.

ముందు డెక్కు ఖాళీగానే ఉంది. అక్కడ పెట్టేస్తే?

బల్ల వేసేది, లంగరు దించేది, మోకులు విసిరేది అంతా అక్కడి నుంచే. పాయ మలుపులో గాలికి యాట్ పక్కకు కొట్టుకుపోతుంటే లంగరు దగ్గరకు పరుగెత్తే కళాసీ దారిలో డింగీ ఉండకూడదు. పైగా సరంగు కూర్చున్న చోటు నుంచి ముందు నీటి మీద తేలే వల బెండ్లు, నాటు పడవలు కనిపించాలి. తెల్లవారుజామున దీపం లేకుండా వల వేసుకుంటున్న పడవ మన పాయల్లో ప్రతి మలుపులో ఎదురవుతుంది. సముద్రంలో బోట్ల రాకపోకల అంతర్జాతీయ నియమాలు కూడా ఎల్లవేళలా సరైన కాపలా చూపు ఉండాలనే చెబుతున్నాయి. 16 మీటర్లకు దగ్గరగా ఉండి, ముందు డెక్కు విశాలంగా ఉన్న యాట్‌లో మాత్రమే, డింగీని మధ్యగీతకు ఒక పక్కగా తలకిందులుగా బోర్లించి, చూపుకు అడ్డం రాని ఎత్తులో కట్టుకోవచ్చు.

పై డెక్కు మీద క్రేను పెట్టి ఎత్తుకుంటే అన్ని విధాలా బాగుంటుంది కదా? ఇబ్బంది ఏమిటి?

అలలు అందవు, దొంగలు అందుకోలేరు, కింద చోటంతా మిగులుతుంది. ఈ మూడు లాభాలూ నిజమే. కాని బరువును ఎంత పైకి ఎక్కిస్తే బోటు అంతగా ఊగుతుంది, ఒరిగిన తరువాత తిరిగి నిలబడే శక్తి అంతగా తగ్గుతుంది. పండుగనాడు బంధువులంతా పై డెక్కు ఎక్కి కూర్చొనే మన అలవాటు దీనికి తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగిన తరువాత మన తీరంలో ఈ విషయాన్ని తేలికగా మాట్లాడగలిగినవారు లేరు. ఆ ప్రమాదానికి డింగీతో సంబంధం లేదు. వరద నీటిలో నిమిషాలు ఎంత విలువైనవో మాత్రం అది అందరికీ తెలియజేసింది.

క్రేను ఎత్తేటప్పుడు జరిగే మార్పును చాలామంది గమనించరు. డింగీ దిమ్మల మీది నుంచి ఒక అంగుళం లేచిన క్షణంలోనే దాని బరువు క్రేను కొన దగ్గర వేలాడుతున్నట్టు పనిచేస్తుంది. అంటే డింగీ ఇంకా డెక్కు మీదే ఉన్నా, యాట్ దృష్ట్యా ఆ 150 కిలోలు ఒక్కసారిగా మీటరో రెండు మీటర్లో పైకి పోయినట్టే. ఆ తరువాత చేతిని పక్కకు తిప్పి, మధ్యగీత నుంచి రెండున్నర మీటర్ల దూరానికి తీసుకువెళితే, 75 కిలోల మనుషులు ఐదుగురు మధ్యగీతకు మీటరు దూరంలో ఒకే పక్క నిలబడినంత ఒరుగుడు కలుగుతుంది. నిలిచిన నీటిలో ఇది సమస్య కాకపోవచ్చు. పక్కనుంచి పోయే పంటు అల వచ్చినప్పుడు వేలాడే డింగీ గడియారపు లోలకంలా ఊగి, మనిషిని కటకటాలకు అదిమేస్తుంది. డింగీకి ముందూ వెనుకా రెండు తాళ్లు కట్టి ఇద్దరు పట్టుకోకుండా, పై డెక్కు మీద జనం ఉండగా క్రేను కదిలించరాదు.

ఇంకొక స్థానిక కారణం: కోనసీమ ఒడ్డున నీడ కోసం కొబ్బరిచెట్ల కింద యాట్ కట్టేవారు పై డెక్కు మీది డింగీ మీద, మనుషుల మీద కాయలు, మట్టలు పడే సంగతి మరవకూడదు.

వెనుక డేవిట్లకు వేలాడదీస్తే చాలదా?

చాలు, కాని వాననీరు ఒక్కటి జ్ఞాపకం ఉంచుకోవాలి. డింగీ లోపలి భాగం 2 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, 10 సెంటీమీటర్ల నీరు నిలిచినా 140 లీటర్లు, అంటే 140 కిలోలు. డింగీ బరువు దాదాపు రెండింతలైనట్టే. వాయుగుండం పట్టినప్పుడు 10 సెంటీమీటర్ల వాన మన జిల్లాల్లో ఒక్క రాత్రిలో పడుతుంది. ఒక అక్టోబరులో నరసాపురం రేవులో నేను అడుగు బిరడా తీయకుండా, పట్టా కప్పకుండా ఇంటికి వెళ్లాను. తెల్లవారేసరికి ఎడమ డేవిటు మొదలు దగ్గర ఫైబరు చీలి, బోల్టులు సగం బయటకు వచ్చాయి. మరమ్మతుకు మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి వేలాడే డింగీ బిరడా తీసి, తాళం చెవుల గుత్తికే తగిలించుకుంటున్నాను. దించే ముందు బిరడా పెట్టడం మరచిపోకుండా కూడా ఆ అలవాటే కాపాడుతుంది.

వేలాడదీసినప్పుడు డింగీ వెనుక భాగం కొద్దిగా దిగువకు ఉండాలి, అప్పుడే నీరు బిరడా రంధ్రం వైపు జారుతుంది. అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా అడ్డతాళ్లు బిగించాలి.

డింగీ గ్యారేజీ, అంటే డింగీని లోపల పెట్టి తలుపు మూసుకొనే అర, ఉన్న యాట్ కొనడం మేలా?

గ్యారేజీ ఉండేది సాధారణంగా 16 మీటర్లు దాటిన పెద్ద యాట్‌లకు. సౌకర్యమే, కాని తలుపు అంచు నీటిగీతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రబ్బరు సీలు గట్టిగా ఉందో లేదో ఏటా చూడాలి, పెట్రోలు ఆవిరి బయటకు పోయే గాలిమార్గం ఉండాలి. చిన్న యాట్‌లో దీనికోసం గది తగ్గించుకోవడం నాకు సమ్మతం కాదు.

తాడు కట్టి వెనుక లాక్కుపోతే ఏ గొడవా లేదు కదా?

నిదానమైన పాయలో, పగటిపూట, గంటా రెండు గంటల ప్రయాణానికి ఇది మంచి పద్ధతే. ఎక్కువ దూరానికి కాదు. మొదట ఇంజను విప్పి యాట్‌లో పెట్టుకోవాలి. తేలే రకం తాడు వాడాలి, ఎందుకంటే మునిగే నైలాను తాడు యాట్ వెనక్కి నడిపినప్పుడు నేరుగా ఫ్యానులోకి పోతుంది. వెనక్కి నడపడానికి ముందు ఎవరో ఒకరు డింగీని దగ్గరకు లాగి పట్టుకోవాలి. ఆ పని ఎవరిదో రేవు వదలకముందే చెప్పాలి. గుర్రపుడెక్క తెట్టెల మధ్య లాగితే డింగీ ముక్కు కింద ఆకు పోగై, తాడు తెగేంత బరువు పడుతుంది. రాత్రి కట్టి వదిలేస్తే పొద్దున ఉంటుందన్న నమ్మకం లేదు.

గాలి తీసి మడిచి లోపల పెట్టుకుంటాం. కుదురుతుందా?

దూరప్రయాణానికి కుదురుతుంది, రోజువారీ వాడకానికి కుదరదు. చేతిపంపుతో నింపడానికి పావుగంట పైనే పడుతుంది, అత్యవసరంలో ఆ పావుగంట మీ చేతిలో ఉండదు. తడిగా మడిస్తే మన ఉక్కకు రెండు రోజుల్లోనే బూజు పడుతుంది.

## బిగించుకొనేటప్పుడు

దిమ్మలు, బెల్టులు ఎలా ఉండాలి?

దిమ్మ డింగీ అడుగు ఆకారానికి సరిపోయేలా చెక్కి ఉండాలి, బరువంతా దాని గట్టి వెన్ను మీద పడాలి, ట్యూబుల మీద కాదు. తాళ్లరేవు, కోరంగి వైపు పడవలు కట్టిన అనుభవం ఉన్న వడ్రంగులు డింగీ చూసి అట్టతో అచ్చు తీసుకుని, కలపతో చెక్కి, మీద రబ్బరు అంటించి ఇస్తారు. దుకాణంలో దొరికే దిమ్మల కంటే అవి బాగా అతుకుతాయని నా అనుభవం. దిమ్మ కాళ్లు డెక్కు ఫైబరుకే కాకుండా, కింద పలక పెట్టి దానికి బిగించాలి. బెల్టులు నాలుగు మూలలకూ కిందికి లాగేవి ఉండాలి, నడుము మీదుగా వేసే ఒకే బెల్టు ముందుకు వెనక్కు జారడాన్ని ఆపలేదు. బెల్టు కట్లలోని ఇనుప స్ప్రింగులు మన ఉప్పుగాలికి ఒక్క ఏడాదిలో పట్టేస్తాయి. కాబట్టి ప్రతి బెల్టు దగ్గరా ఒక కత్తిని ఒరలో పెట్టి, తాడుతో కట్టి ఉంచండి. ఉప్పునీటి వైపు తిరిగేవారు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు మాత్రమే వాడాలి.

నేనూ మా ఆవిడా ఇద్దరమే వెళ్తాం. డింగీ దించడానికి ఎంతమంది కావాలి?

ఇద్దరిలో ఒకరు యాట్ నడుపుతూనే ఉండవలసి రావచ్చు కాబట్టి, ఒక్క మనిషి దించగల ఏర్పాటే మీకు సరైనది. నీటికి దగ్గరగా ఉన్న వెనుక ప్లాట్‌ఫాం, దాని మీద జారే దిమ్మలు, విప్పి పెట్టుకోగల తేలికైన ఇంజను మీకు తగిన కూర్పు. కొన్న వారంలోనే, నిలిచిన నీటిలో లంగరు వేసి, గడియారం పెట్టుకుని ఇద్దరూ విడివిడిగా దించి చూడండి. పది నిమిషాలు దాటితే ఏర్పాటు మార్చాలి. మీ ఆవిడ గారు ఒక్కరే దించలేని డింగీ, నీళ్లలో పడింది మీరే అయిన రోజున పనికిరాదు.

పెట్రోలు డబ్బాను డింగీలోనే ఉంచవచ్చా?

డింగీ ఆరుబయట ఉంటే, మూత బిగించి, నీడలో, కదలకుండా కట్టి ఉంచవచ్చు. యాట్ లోపలి అరల్లో, ఇంజను గదిలో, మంచాల కింద ఎట్టి పరిస్థితిలోనూ ఉంచరాదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది కిందికి దిగి బోటు అడుగున పేరుకుపోతుంది, డీజిల్ ఇంజను స్టార్టరులో వచ్చే ఒక్క నిప్పురవ్వ దానికి చాలు.

డింగీ పెట్టాక వెనుక దీపం కనబడటం లేదు. ఏం చేయాలి?

వెనుక తెల్లదీపం సరిగ్గా వెనుక నుంచి ఇరువైపులా కలిపి 135 డిగ్రీల మేర కనిపించాలి. డింగీ దాన్ని మూస్తుంటే దీపాన్ని పైకి జరిపి బిగించాలి, టార్చి వేలాడదీయడం పరిష్కారం కాదు. రాత్రి మరో పడవలో వెనక్కి వెళ్లి, రెండు పక్కల నుంచీ చూసి నిర్ధారించుకోండి. యాట్ పేరు, రిజిస్ట్రేషను సంఖ్య మూసుకుపోతే వాటిని కూడా కనిపించే చోట మళ్లీ రాయించాలి.

## నీటి మీద

మేట ఎక్కేశాం, పాటు తీస్తోంది (నీరు సముద్రం వైపు తగ్గిపోతోంది). డింగీతో ఏం చేయగలం?

మొదటి పది నిమిషాల్లో చాలా చేయగలరు, గంట తరువాత దాదాపు ఏమీ చేయలేరు. ఇంజను జోరుగా తిప్పి ముందుకు పోవాలని చూడవద్దు. ఫ్యాను ఇసుకను లేపి ఇంజనును చల్లబరిచే నీటి గొట్టంలోకి పంపుతుంది. వెంటనే డింగీ దించి, రెండో లంగరును, దాని తాడు మొత్తాన్ని చుట్టగా డింగీలోనే పెట్టుకోండి. తాడును యాట్ నుంచి లాక్కుంటూ పోతే నీటి ఒరిపిడికి డింగీ కదలదు. డింగీలోంచే విడుస్తూ పోతే సులభంగా సాగుతుంది. యాట్ వచ్చిన దారిలోనే వెనక్కి, గెడతో లోతు చూసుకుంటూ, లోతు దొరికినచోట లంగరు వేయండి. అప్పుడు యాట్ మీది వించితో ఆ తాడును బిగించి, అదే సమయంలో జనాన్ని లోతు వైపుకు మార్చి లాగితే, నీరు ఇంకా ఉన్నంతవరకు బోటు కదలడానికి మంచి అవకాశం ఉంటుంది.

కదలకపోతే తాడు బిగువుగానే వదిలి, పోటు కోసం ఆగాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు వస్తాయి, ఒక పోటు నుంచి మరో పోటుకు దాదాపు పన్నెండున్నర గంటలు. పున్నమి, అమావాస్యల పెద్ద పోటు శిఖరాన మేట ఎక్కినవారికి మాత్రం తరువాతి పోట్లు చిన్నవవుతూ పోతాయి కనుక రోజుల తరబడి ఎదురుచూపు తప్పకపోవచ్చు. అందుకే ఆ తిథుల్లో నిండు పోటు మీద తెలియని పాయలోకి వెళ్లవద్దని నా మనవి.

చోటు ఎంపికకు దీనితో నేరుగా సంబంధం ఉంది. నీరు తగ్గేకొద్దీ యాట్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన బోటు మీద క్రేను చేయి ఎత్తు వైపుకు తిరగదు, పల్లం వైపుకు తనంతట తానే పరుగెత్తుతుంది. ప్లాట్‌ఫాం మీది డింగీని ఆ స్థితిలో కూడా నెట్టవచ్చు, ముందు డెక్కు మీదిది కదిలించడం కష్టం.

అంతర్వేది దగ్గర సముద్రంలోకి దాటేటప్పుడు డింగీ ఎక్కడ ఉండాలి?

యాట్ మీద, నాలుగు బెల్టులతో, ఇంజను విప్పి. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట, పాటు నీరు బయటకు తోసుకుపోతుండగా ఎదురుగా సముద్రపు అల వస్తే, అలలు నిటారుగా లేచి విరుగుతాయి. తాడుకు కట్టిన డింగీ అక్కడ అల మీద జారి యాట్ అమరానికి గుద్దుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అల వెనుక నుంచి వస్తుంది. డేవిట్లకు వేలాడే డింగీలోకి ఒక్క అల ఎక్కినా చాలు. పోటు వస్తున్న సమయంలో, పగటిపూట, స్థానిక సరంగును అడిగి దాటండి.

కాలువ వంతెనల కింద నుంచి పోగలమా?

జవాబు వంతెన వంతెనకూ మారుతుంది. పై డెక్కు మీద డింగీ పెట్టినవారు నీటిగీత నుంచి దాని అత్యున్నత బిందువు వరకు టేపుతో కొలిచి, ఆ అంకెను చుక్కాని దగ్గర రాసి అంటించుకోవాలి. కాలువలో నీటిమట్టం రోజులను బట్టి మారుతుంది కాబట్టి మొన్న పోయిన వంతెన ఇవాళ తగలవచ్చు. వంతెనల కంటే ఎక్కువగా నేను భయపడేది అడ్డంగా వేలాడే విద్యుత్తు తీగలకు. తీగలున్న చోట క్రేను చేయి లేపరాదు.

## ఎండ, వరద, తుపాను

ఎండకు ట్యూబులు ఉబ్బి గట్టిపడుతున్నాయి. పగులుతాయా?

పగలవచ్చు, అంతకంటే ముందు అతుకులు వదులుతాయి. ఉదయం 25 డిగ్రీల చలువలో 0.25 బార్ ఒత్తిడికి నింపిన ట్యూబు, లోపలి గాలి 45 డిగ్రీలకు చేరేసరికి సుమారు 0.33 బార్ అవుతుంది. ముదురు రంగు ట్యూబు నేరుగా ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే 0.4 వరకు పోతుంది. మే నెలలో రాజమహేంద్రవరం ఎండకు ఇది అసాధారణం కాదు. పగటిపూట కొంచెం గాలి వదిలి, లేతరంగు పట్టా కప్పాలి. పి.వి.సి. కంటే హైపలాన్ అనే కృత్రిమ రబ్బరు పూత ఉన్న గుడ్డ ఎండకు ఎక్కువకాలం ఆగుతుంది, ధర కూడా ఎక్కువే.

ధవళేశ్వరంలో వరద హెచ్చరిక ఇస్తే డింగీని ఏం చేయాలి?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరికకే డింగీని నీటిలోంచి తీసి యాట్ మీద బిగించండి లేదా గట్టు దాటించి ఎత్తు మీద పెట్టండి. ఎర్రనీటిలో దుంగలు, చెట్లు కొట్టుకువస్తాయి. యాట్ పక్కన తేలే డింగీ వాటికి అడ్డుపడి, మోకుల మీద మోయలేని బరువు పెడుతుంది. వరద తగ్గాక డింగీలోకి చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి, పాములు ఆశ్రయం తీసుకుంటాయి. తరువాత మంచినీటితో కడిగి ఒండ్రు పూర్తిగా వదిలించాలి, లేకపోతే వాల్వుల్లో ఇసుక చేరి గాలి నిలవదు.

డింగీ చూపించి లైఫ్ జాకెట్లు తగ్గించుకోవచ్చా?

కూడదు. డింగీ ప్రాణరక్షక పడవ కాదు, దించేలోపే యాట్ మునగవచ్చు. యాట్‌లో ఉన్న ప్రతి మనిషికీ, పిల్లలకు వారి కొలతకు తగినవి, జాకెట్లు విడిగా ఉండాలి. నదుల్లో యంత్రంతో నడిచే పడవల నమోదు, తనిఖీ విషయాలు ఇప్పుడు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం పరిధిలోకి వస్తాయి. డింగీకి ఇంజను పెడుతున్నవారు యాట్ కాగితాలతో పాటు దాని సంగతి కూడా అధికారులకు చెప్పి రాయించుకోవడం మంచిది.

తుపాను వస్తోందంటే డింగీని యాట్ మీదే ఉంచవచ్చా?

ఉంచవద్దు. ఎంత బిగించినా అది గాలికి తెరచాపలా పనిచేసి, యాట్ మోకుల మీద బరువు పెంచుతుంది. ఊడితే అద్దాలు పగలగొడుతుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీదుగా పోయిన తుపానుకు కొబ్బరి తోటలే నేలమట్టమయ్యాయి. గాలి నింపే డింగీ అయితే గాలి తీసి, మడిచి, గట్టి భవనంలో పెట్టండి. ఫైబర్‌ది అయితే గట్టు మీద చెట్లకు దూరంగా వెల్లకిలా ఉంచి, బిరడా బిగించి, నాలుగు మూలలా మేకులకు కట్టి, లోపల సగం నీళ్లు పోస్తే గాలికి లేవదు. ఇంజను ముందే ఇంటికి చేర్చండి. ఈ పనులన్నీ తీరం వైపు గాలి మొదలయ్యే ముందు రోజు పగటివేళ పూర్తి కావాలి, ఎందుకంటే ఆ తరువాత రేవులో మీకు సాయం చేసే కళాసీలు తమ పడవలను కాపాడుకునే పనిలో ఉంటారు.